జుట్టుకు ఏది మేలో ఊలుకూ అదే

స్వెట్టరు, శాలువా, కంబళి, గొంగడి. పేరేదైనా అది ఒక జీవి ఒంటిమీద పెరిగిన వెంట్రుకే. మన జుట్టులో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తే గొర్రె బొచ్చులోనూ ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఊలు బట్టలను కాపాడుకోవడం సగం వచ్చినట్టే.

1. దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మే ఉండల్లో చాలావాటిలో ఉండేది యాక్రిలిక్. తేల్చుకోవాలంటే పట్టుచీరకు చేసే పరీక్షే చేయండి. రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద వెలిగించండి. జుట్టు కాలిన వాసన వేసి, నలిపితే పొడైపోయే బూడిద మిగిలితే అది ఊలు. కరిగి గట్టి పూసలా మిగిలితే యాక్రిలిక్. రెండు లక్షణాలూ కనబడితే కలగలుపు. సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువాలో పేరుకుపోయాయా? ఇలా చూసి ఊలువి వేరు చేయండి. కింది జాగ్రత్తలు వాటికే.

2. ఉతకడానికి కుంకుడు రసాన్ని మించింది లేదు. బట్టల సోడా, బ్లీచింగ్ ఊలును తినేస్తాయి. ఎంజైములు కలిసిన పౌడర్లూ వద్దు. గుడ్డు, పాల మరకల్లోని మాంసకృత్తులను విరగ్గొట్టే ఆ ఎంజైములు ఊలును మాత్రం వదులుతాయా? చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మెల్లగా అదిమి, జాడించండి. చాలు.

3. మెలిపెట్టి పిండకండి. పొడి తువ్వాలులో చాపలా చుట్టి నొక్కితే తువ్వాలే నీళ్లు పీల్చుకుంటుంది. తడి స్వెట్టర్ని తీగమీద వేలాడదీస్తే సాగిపోతుంది. నీడలో, నులకమంచం మీద పరిచి ఆరబెట్టండి.

4. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట ముడుచుకుపోతుంది. మా అబ్బాయి స్వెట్టర్ని వేడినీళ్లతో మెషీన్లో వేసినరోజు అది చంటిపిల్ల కొలతకు వచ్చింది. కొద్దిగా ముడుచుకుంటే జుట్టుకు వాడే కండిషనర్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, నెమ్మదిగా సాగదీసి చూడండి, కొంత వస్తుంది. పూర్తిగా గట్టిపడితే ఇక సాగదు. అలాగని పారేయకండి. అలాంటి బట్టను కత్తిరించినా అంచుల్లో పోగులు ఊడవు, కుట్టు కూడా అక్కర్లేదు. వేడి గిన్నెల కింద వేసుకోవడానికి చదరాలుగా కోసుకోండి. యాక్రిలిక్‌లా కరిగి గిన్నెకు అంటుకోదు.

5. పిల్లలు చదువులకు అమెరికా వెళ్తుంటే పెట్టెనిండా నూలు బనియన్లు సర్దుతాం. మంచులో నడిచేటప్పుడు చెమటపట్టిన నూలు బనియను ఒంటికి అతుక్కుని చలిని పెంచుతుంది. ఊలు తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. పైగా తేమను పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని విడుదల చేస్తుంది. కాబట్టి ఒంటికి ఆనేది మెరినో జాతి గొర్రె ఊలుతో చేసిన పల్చటి బనియను, దానిమీద స్వెట్టరు, ఆపైన గాలి ఆపే కోటు. గుచ్చుకుంటుందని భయపడకండి. మనిషి వెంట్రుక మందం సుమారు 60, 70 మైక్రాన్లైతే మెరినోది 24కు లోపే. రోజూ ఉతకనక్కర్లేదు కూడా. చెమట వాసన త్వరగా పట్టదు, రాత్రి గాలికి ఆరేస్తే సరిపోతుంది. లంబసింగి చలికీ, హిమాలయాల ట్రెక్కింగుకూ ఇదే వరస.

6. ఇంట్లో తాతల నాటి గొంగడి ఉంటే అది బంగారం. తెలంగాణలో దక్కనీ గొర్రెల నల్లబొచ్చును వడికి, చింతగింజల గంజి పట్టించి కురుమలు నేసిన బట్ట అది. గొర్రెల కాపరికి అదే గొడుగు, అదే పరుపు, అదే దుప్పటి. సబ్బుతో ఉతకవద్దు. దులిపి, బ్రష్ చేసి ఎండ చూపించండి. వెంట్రుకలు రాలుతున్నాయని విసుక్కోవడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమే. మాంసానికి పెంచే నెల్లూరు జాతి గొర్రెకు ఊలు రాదు. దక్కనీ మందలు తగ్గేకొద్దీ గొంగళ్లూ కరువవుతున్నాయి. అమ్మకానికి కనిపిస్తే కొనండి. సోఫా మీద పరవండి, సంచులు కుట్టించుకోండి.

7. ఊలును కొరికేది రెక్కల పురుగు కాదు, దాని పిల్ల పురుగు. చెమట, కూర మరకలున్న చోట మరీ ఇష్టంగా తింటుంది. అందుకే ఉతికి, పూర్తిగా ఆరాకే దాచాలి. అనుమానంగా ఉంటే పాలిథీన్ సంచిలో గట్టిగా మూటకట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి. నాఫ్తలీన్ ఉండలు పెట్టిన బట్టలను చంటిపిల్లలకు నేరుగా వేయకండి. కొందరు పసివాళ్లకు ఆ ఆవిరితో రక్తకణాలు విరిగిపోయి, కామెర్లు వచ్చే ప్రమాదముంది.

8. పాత స్వెట్టరు బిగుతైతే విప్పేయండి. పోగును కుర్చీ వీపుకు చుట్టి చిలపలా తీసి, నాలుగుచోట్ల వదులుగా ముడివేసి, తడిపి ఆరబెడితే వంకీలు పోతాయి. పెద్దవాళ్ల స్వెట్టరు ఊలుతో చిన్నపిల్లకు స్వెట్టరు, టోపీ, మేజోళ్లు వస్తాయి.