చెక్కను పులియబెట్టి వేస్తేనే మొక్కకు మేలు

వేరుశనగ చెక్క పశువులకు మంచి దాణా అని రైతులందరికీ తెలుసు. అయితే తడిసి బూజు పట్టిన చెక్కను పశువులకు పెట్టకూడదు. బూజు వల్ల అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు. పాడిపశువు తింటే అది పాలలోకి కూడా దిగుతుంది. ఆముదపు చెక్కలో రిసిన్ అనే విషం ఉంటుంది కనుక అదీ దాణాకు పనికిరాదు. ఇలాంటి చెక్కను పారేయకుండా ఎరువుగా మార్చుకోవచ్చు.

వంద కిలోల వేరుశనగ చెక్కలో సుమారు 7 కిలోల నత్రజని, కిలోన్నర భాస్వరం, కిలోకు పైగా పొటాష్ ఉంటాయి. ఆముదపు చెక్కలో నత్రజని 4 కిలోలకు పైగా, వేప చెక్కలో 5 కిలోల దాకా ఉంటుంది.

పులియబెట్టడం ఎందుకు?

చెక్కలోని నత్రజని మాంసకృత్తుల రూపంలో ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి అమ్మోనియాగా, తర్వాత నేలలో నైట్రేటుగా మారిస్తేనే మొక్కకు బాగా అందుతుంది. పచ్చి చెక్కను మొక్క మొదట్లో కుప్పగా వేస్తే ఈ కుళ్లడం వేళ్ల దగ్గరే జరుగుతుంది. వేడి పుట్టి, అమ్మోనియా వెలువడి లేత వేళ్లు మాడిపోతాయి. పైగా చీమలు పడతాయి, కుక్కలు, పందికొక్కులు తవ్విపోస్తాయి. అందుకే ఆ పనేదో ముందుగా తొట్టిలోనే కానివ్వాలి.

తయారీ

కిలో చెక్కను దంచి పొడి చేసుకోండి. బూజు చెక్కయితే ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పొడిని ప్లాస్టిక్ డ్రమ్ములో గానీ, సిమెంటు తొట్టిలో గానీ 10 లీటర్ల నీళ్లలో నానబెట్టండి. గుప్పెడు బెల్లం, గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే త్వరగా పులుస్తుంది. తొట్టి నిండా నీళ్లు పోయొద్దు, పొంగుతుంది. నీడలో ఉంచి మూతికి గోనెపట్టా కట్టండి. మూత బిగిస్తే వాయువు పోయే దారి ఉండదు. ఉదయం, సాయంత్రం కర్రతో కలియబెట్టాలి. ఎండాకాలంలో వారం, చలికాలంలో పది రోజుల పైన పడుతుంది. నురగ తగ్గి, చెక్క మెత్తగా విడిపోతే సిద్ధమైనట్టే. వాసన ఘాటుగా ఉంటుంది కనుక ఇంటికి, బావికి దూరంగా పెట్టుకోవడం మంచిది.

వాడే విధానం

పైతేటను వడకట్టి, ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలపాలి. వంగ, టమాటా, మిరప, మల్లె మొక్కలకు మొదలు నుంచి జానెడు దూరంలో లీటరు చొప్పున పోయండి. నేల తడిగా ఉన్నప్పుడు, సాయంత్రం పూట పోస్తే మంచిది. 15 రోజులకోసారి చాలు. ఆకుల మీద, కాయల మీద పడనీయొద్దు. ముందు నాలుగైదు మొక్కలకు పోసి చూసి, తర్వాత మిగతా వాటికి పోయండి. అడుగున మిగిలిన మడ్డిని పెంటకుప్పలో కలిపేయండి.

లెక్క మరవొద్దు

వంద కిలోల వేరుశనగ చెక్కలోని నత్రజని 15 కిలోల యూరియాలోని నత్రజనికి సమానం. కాబట్టి ఎకరాల కొద్దీ పైరుకు చెక్క నీళ్ల మీదే ఆధారపడితే పైరు పస్తుంటుంది. కూరగాయల మడులకు, పూలతోటలకు, పెరటి మొక్కలకు ఇది అనువైన పైపాటు ఎరువు.

చివరగా ఒక హెచ్చరిక. ఆముదపు చెక్క పులిసినంత మాత్రాన విషం పోయిందనుకోవద్దు. తొట్టిని, మడ్డిని, మిగిలిన చెక్క బస్తాను పశువులకు, కుక్కలకు, కోళ్లకు, పసిపిల్లలకు అందకుండా జాగ్రత్తపడండి. చెక్క తడిపిన బకెట్టుతో కుడితి పెట్టనే పెట్టొద్దు.