చుక్క లెక్క, గుండె లెక్క

అత్తకు వారం రోజులుగా కళ్లు తిరుగుతున్నాయి. నిన్న బావి దగ్గర కూలబడింది. "ఎండకు పైత్యం చేసింది. అదే పోతుంది" అంది అత్త. కోడలు ఊరుకోలేదు. నర్సమ్మను పిలుచుకొచ్చింది.

నర్సమ్మ అత్త మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "నాడి నిమిషానికి 38 సార్లే కొట్టుకుంటోంది. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్లకు 60 నుంచి 100 వరకు ఉండాలి" అంది.

"గుండెను అలా లెక్కగా కొట్టించేది ఎవరమ్మా?" అని అడిగింది కోడలు.

నర్సమ్మ వాకిట్లో కుళాయి చూపించింది. కుళాయి కొసన నీళ్లు కొంచెం కొంచెం చేరుతున్నాయి. చుక్క పెద్దదవుతోంది. బరువు మించగానే టప్పున రాలింది. మళ్లీ ఇంకో చుక్క మొదలైంది.

"చూశావా? నిండడం నెమ్మదిగా. రాలడం ఒక్కసారిగా. ఎవరూ తోయక్కర్లేదు. గుండెలోనూ ఇంతే. గుండె కుడివైపు పై గదిలో ఒక చిన్న కండ ఉంది. అందులో కరెంటు కొద్దికొద్దిగా పెరుగుతుంది. హద్దు దాటగానే ఒక్కసారిగా వదులుతుంది. అది గుండె అంతా పాకుతుంది. గుండె ముడుచుకుని రక్తాన్ని తోస్తుంది. మళ్లీ మొదలు" అంది నర్సమ్మ.

హాలండు దేశపు వాన్ డెర్ పోల్ 1926లో ఇలాంటి లయ గురించి రాశాడు. గుండె లయ కూడా ఈ రకమేనని 1928లో కరెంటు పరికరంతో చూపించాడు.

ఆ కండ బలహీనపడితే, లేదా కరెంటు నడిచే దారి దెబ్బతింటే నాడి తగ్గుతుంది. మెదడుకు రక్తం చాలదు. కళ్లు తిరుగుతాయి.

అదే రోజు అత్తను పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పరీక్షలు చేసి, పేస్‌మేకర్ అనే చిన్న మిషను పెట్టాలన్నారు. గుండె ఆలస్యం చేసినప్పుడల్లా అది కొద్దిపాటి కరెంటు ఇస్తుంది.

"ఒంట్లో మిషనా? నాకొద్దు" అంది అత్త.

డాక్టరమ్మ నవ్వి ఇలా చెప్పింది: "స్వీడన్ దేశంలో ఆర్నె లార్సన్ అనే ఆయన రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. ఒంట్లో పెట్టే మిషను అప్పటికి ఏ మనిషికీ పెట్టలేదు. ఆయన భార్య ఎల్సె మారీ డాక్టరును, ఇంజనీరును వదల్లేదు. చేసి తీరాలని పట్టుబట్టింది. 1958 అక్టోబరు 8న పెట్టారు. మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది. రెండోది పెట్టారు. తర్వాత ఎన్నో మార్చారు. ఆయన 86 ఏళ్లు బతికి 2001లో పోయాడు."

అత్త కోడలి వైపు చూసింది. "ఆమె లాగే ఇదీ మొండిదే" అంది. కాగితం మీద తనే సంతకం పెట్టింది.

చేసి చూడండి

1. కాసేపు ఊరికే కూర్చోండి. బొటనవేలి వైపున మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించండి. ఒక నిమిషం లెక్కపెట్టండి.
2. ఆ అంకె రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల నాడి కూడా చూడండి.
3. నాడి బాగా తక్కువగా ఉండి కళ్లు తిరిగితే ఏం చేయాలి? పైత్యం అని ఊరుకోకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.