మినీ ట్రాక్టర్‌లో కరెంటు ఒక్కసారిగా పోయిందా? కొత్త బ్యాటరీ కొనేముందు ఈ వరస చూడండి



మామిడి కోత అయిపోయాక, వానలకు లేచిన గడ్డిని మనం మందు కొట్టి చంపం. స్లాషర్‌తో కోసి చెట్ల కిందే ఆచ్ఛాదనగా వదిలేస్తాం. వయ్యారిభామ లాంటివాటిని పూతకు రాకముందే కోయాలి. విత్తనం రాలిందంటే మన ఆచ్ఛాదనే మళ్లీ కలుపు అవుతుంది. సరిగ్గా ఆ వారంలోనే డీజిల్ మినీ ట్రాక్టర్ సాలు మధ్యలో ఆగిపోయి, తాళం తిప్పితే ఒక్క లైటు కూడా వెలగకపోతే ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు.

నాకు కిందటేడు అదే జరిగింది. బ్యాటరీ పోయిందనుకుని నాలుగు వేల పైచిలుకు పెట్టి కొత్తది తెచ్చి బిగించాను. బండి రెండు రోజులు నడిచింది. మూడో రోజు మళ్లీ అదే కథ. తీరా చూస్తే తప్పు బ్యాటరీది కాదు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు బోల్టుది. బ్యాటరీ మార్చేటప్పుడు ఆ వైరు కాస్త కదిలి తాత్కాలికంగా ఆనుకుంది, అంతే. పాత బ్యాటరీ ఇప్పటికీ బాగానే ఉంది.

అందుకే ఈ పాఠం. కూర్చుని నడిపే డీజిల్ గడ్డికోత యంత్రం ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. చేత్తో ఎలా చేయాలో వీడియోలో చూడండి, వరస మాత్రం ఇక్కడ చదివి రాసి పెట్టుకోండి.

ముందు ఈ సంగతి అర్థం చేసుకోవాలి

ఇంట్లో ఒక్క గదిలో లైటు పోతే బల్బు చూస్తాం. ఇల్లంతా పోతే మెయిన్ చూస్తాం. బండిలోనూ అంతే. హారన్, లైట్లు, సెల్ఫ్ అన్నీ ఒకేసారి పోయాయంటే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటే తప్పు ఉంటుంది. ఆ చోట్లు ఐదు: బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఎర్త్ వైరు, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్.

లైట్లు బాగా వెలుగుతూ సెల్ఫ్ ఒక్కటే పలకకపోతే అది వేరే జబ్బు. సీటు కింద స్విచ్, క్లచ్ స్విచ్, పీటీఓ స్విచ్ చూడండి. పీటీఓ వేసి ఉంటే సెల్ఫ్ తీసుకోని బండ్లు చాలా ఉన్నాయి.

ఇంకో సంగతి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. లాగి ఆపే నాబ్ ఉన్న పాత రకం బండి, కరెంటు పోయినా నడుస్తూనే ఉంటుంది. తాళంతో ఆగే బండ్లలో చాలావాటికి డీజిల్ దారిలో సోలెనాయిడ్ ఉంటుంది. దానికి కరెంటు అందకపోతే డీజిల్ ఆగి ఇంజిన్ కూడా ఆగిపోతుంది. కాబట్టి లైట్లు ఉండి, నాబ్ రకం ఇంజిన్ ఆగిపోతే వైర్ల జోలికి పోకండి. డీజిల్ ఫిల్టరు, పైపుల్లో గాలి చూడండి.

జాగ్రత్తలు

పీటీఓ తీసేయండి, హ్యాండ్ బ్రేకు వేయండి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. సైలెన్సర్ దగ్గర పేరుకున్న ఎండుగడ్డి తీసేయండి. చేతికి ఉంగరం, ఇనుప గడియారం ఉండకూడదు. బ్యాటరీ దగ్గర బీడీ, నిప్పు వద్దు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్.

బల్బు పరీక్ష

12 వోల్టుల ఇండికేటర్ బల్బు హోల్డరుకు రెండు మూరల వైర్లు కట్టుకోండి. ఈ పనికి మీటరు కంటే బల్బే నయం. తుప్పు పట్టిన జాయింటు దగ్గర కూడా మీటరు 12 వోల్టులు చూపించేస్తుంది. బల్బు వెలగాలంటే కరెంటు పారాలి కాబట్టి అక్కడ మసకబారి తప్పు పట్టిస్తుంది.

1. బల్బు వైర్లు రెండూ బ్యాటరీ సీసం కొమ్ముల మీదే పెట్టండి. బాగా వెలగాలి. వెలగకపోతే బ్యాటరీ దిగిపోయినట్టే. మీటరు ఉంటే, నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. 12.2 అంటే సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ.

2. ఒక వైరు మైనస్ కొమ్ము మీదే ఉంచి, రెండోది ప్లస్ కొమ్ముకు బిగించిన క్లాంపు మీద పెట్టండి. కొమ్ము మీద వెలిగి క్లాంపు మీద వెలగకపోతే మధ్యలో తుప్పు ఉంది.

3. అలాగే ముందుకు వెళ్లండి: సెల్ఫ్ మోటారు లావు బోల్టు, మెయిన్ ఫ్యూజుకు ఇవతల, అవతల, తాళం స్విచ్‌కు వచ్చే లావు వైరు. చివరగా తాళం వేసి స్విచ్ నుంచి బయటికి పోయే వైరు. ఎక్కడి దాకా వెలిగి ఎక్కడ ఆరిందో, ఆ రెండింటి మధ్యే తప్పు.

4. ఇప్పుడు ఎర్త్. ఒక వైరు ప్లస్ కొమ్ము మీద, రెండోది ఇంజిన్ మీద రంగు లేని ఇనుము మీద పెట్టండి. తర్వాత ఛాసిస్ మీద. మొదటిసారి ఎంత వెలిగిందో అంతే వెలగాలి. మసకగా ఉంటే ఎర్త్ వైరు విప్పి చూడాల్సిందే. నేను ఈ నాలుగో పరీక్ష చేయకే డబ్బు పోగొట్టుకున్నాను.

సెల్ఫ్ మోటారు లాగే కరెంటు ముందు బల్బు కరెంటు ఏపాటి? అందుకే లైట్లు వెలిగి, సెల్ఫ్ కొట్టగానే అన్నీ ఆరిపోతుంటే టెర్మినళ్లు, ఎర్త్ రెండూ విప్పి శుభ్రం చేయండి. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయండి.

ఫ్యూజు పోతే

ఎంత ఆంపియర్‌ది పోయిందో అంతదే వేయండి. వేయగానే మళ్లీ పోతే ఎక్కడో వైరు ఇనుముకు తగులుతోంది. అక్కడ పెద్ద ఫ్యూజు వేసినా, రాగి తీగ చుట్టినా, ఈసారి కాలేది ఫ్యూజు కాదు, బండి. లైట్లు, హారన్, ఇతర సాకెట్లు ఒక్కొక్కటే ఊడదీసి చూస్తే ఏ దారిలో తప్పుందో తెలుస్తుంది.

మన బండ్లకే ఎందుకు ఎక్కువ?

స్లాషర్ అదురుకు బోల్టులు వదులవుతాయి. బండి పశువుల కొట్టం పక్కన పెడతాం. గోమూత్రం నుంచి వచ్చే అమ్మోనియా రాగిని తినేస్తుంది. టెర్మినళ్ల దగ్గర, వైరు చివర్లలో పచ్చగా చిలుము కనిపించేది అందుకే. జీవామృతం డ్రమ్ములు మోసిన రోజు ఒలికినదాన్ని మంచినీళ్లతో కడిగేయండి. ఇక ఎండుగడ్డి పక్కన పెట్టిన బండిలో ఎలుక కాపురం పెట్టి వైర్లు కొరుకుతుంది. బండికీ గడ్డివాముకీ కాస్త ఎడం ఉంచండి.

బాగయ్యాక చివరి పరీక్ష

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి. 13 కూడా రాకపోతే బెల్టు వదులైందేమో, ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూపించండి. ఛార్జి అవుతోందా అని తెలుసుకోడానికి నడుస్తున్న బండిలో టెర్మినల్ పీకే అలవాటు కొందరికి ఉంది. అలా అస్సలు చేయొద్దు, ఆల్టర్నేటర్ కాలిపోతుంది.

ఈ వరస మొత్తానికి అరగంట పడుతుంది. ఒక బల్బు, రెండు వైర్లు, 10, 13 నంబర్ల పానాలు, మెయిన్ ఫ్యూజు ఒకటి అదనంగా సీటు కింద పెట్టుకోండి. మెకానిక్‌ను పిలవాల్సి వచ్చినా, "బండి ఆగిపోయింది" అనే బదులు "ఫ్యూజు దాకా కరెంటు వస్తోంది, స్విచ్ దాటట్లేదు" అని చెప్పగలిగితే, ఆయన రావాల్సిన సామానుతోనే వస్తాడు. మీ గడ్డి పూతకు రాకముందే కోత పూర్తవుతుంది.