బైక్ ఎంబ్లమ్ మళ్లీ ఊడిపోకుండా అతికించడం ఎలా? మూడోసారికి కుదిరిన పద్ధతి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి బండి మీద పడ్డాను. కారణం ఉంది. మా నాన్న పాత హీరో హోండా బండిని వాటర్ సర్వీసింగ్ చేయించి తీసుకొస్తే ట్యాంక్ ఎడమ వైపు ఎంబ్లమ్ లేదు. ఎండిపోయిన గమ్ మరక మాత్రం మిగిలింది. హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 డిసెంబర్‌లో. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయిపోయింది. ఇక ఆ పాత పేరున్న ఎంబ్లమ్ ఎక్కడ దొరుకుతుంది? స్పేర్ పార్ట్స్ షాపులు నాలుగు తిరిగితే ఒక జత దొరికింది. దాన్ని కూడా దాదాపు పాడు చేశాను.

మొదటిసారి సూపర్ గ్లూ వాడాను. పది సెకన్లలో రాయిలా పట్టేసింది, భలే అనుకున్నా. నెల తిరక్కుండానే ఒక మూల లేచింది. సూపర్ గ్లూ, అంటే సయనోఅక్రిలేట్, ఆరాక గాజులా పెళుసుగా ఉంటుంది. ఇంజిన్ వైబ్రేషన్‌కి, ఎండకి ట్యాంక్ సాగి ముడుచుకోవడానికి అది కూడా సాగదు కాబట్టి పగులుతుంది. పైగా దాని ఆవిరి చుట్టూ పెయింట్ మీద తెల్లటి పొరలా పేరుకుంది. లాగితే గోరంత క్లియర్ కోట్ కూడా ఊడొచ్చింది. రెండోసారి స్టేషనరీ షాపులో కొన్న మామూలు డబుల్ టేప్. మధ్యాహ్నం ఎండలో బండి పెడితే సాయంత్రానికి ఎంబ్లమ్ అంగుళం కిందకి జారి ఉంది.

ముందు మీది ఏ రకమో చూసుకోండి

కొన్ని ఎంబ్లమ్‌లు స్క్రూలతో వస్తాయి, కొన్నిటికి వెనక పిన్నులు ఉంటాయి, మిగతావి కేవలం అతికించేవి. స్క్రూ రకమైతే పాత స్క్రూ పొడవే వాడండి. ట్యాంక్‌లో ఆ రంధ్రాలు చివర మూసి ఉంటాయి, పొడవు స్క్రూని బలవంతంగా తిప్పితే అడుగున ఉన్న రేకు పాడవుతుంది. వైబ్రేషన్‌కి వదులవకుండా లాక్‌టైట్ 243 లాంటి నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క చాలు. ఎర్రది వద్దు, మళ్లీ విప్పేటప్పుడు ఏడుస్తారు. ఈ థ్రెడ్‌లాకర్ ప్లాస్టిక్‌కి తగిలితే అది చిట్లే ప్రమాదం ఉంది, కాబట్టి మెటల్ మరలకు మాత్రమే.

పిన్నుల రకం ఎక్కువగా సైడ్ ప్యానెల్స్‌కి వస్తుంది. వెనక నుంచి నొక్కే క్లిప్పులు కొత్తవి వేయండి, ఒకసారి పీకినవి మళ్లీ గట్టిగా పట్టవు. కొత్త ఎంబ్లమ్‌కి పిన్నులుండి మీ ట్యాంక్‌కి రంధ్రాలు లేకపోతే, పిన్నులు కోసి ఆకురాయితో సమానంగా అరగదీయండి. ట్యాంక్‌కి డ్రిల్ మాత్రం పెట్టొద్దు. లోపల ఉన్నది పెట్రోల్ బాబూ!

అతికించే రకానికి అసలు పని

పాతది తీయడానికి వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డని ఐదు నిమిషాలు దాని మీద ఉంచండి. హెయిర్ డ్రయ్యర్, హీట్ గన్ ట్యాంక్ దగ్గరికి తీసుకురావడం నాకు ఇష్టం లేదు, మూత దగ్గర పెట్రోల్ ఆవిరి ఉంటుంది. తర్వాత చేపలు పట్టే నైలాన్ దారాన్ని ఎంబ్లమ్ వెనక రంపంలా లాగితే గమ్ తెగుతుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే గీతలే. మిగిలిన గమ్‌ని బొటనవేలితో దొర్లిస్తే ఉండలుగా వచ్చేస్తుంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సగం నీళ్లు. ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేసే ముందు తుడిచే చిన్న ప్యాకెట్‌లో ఉండేది కూడా సాధారణంగా ఆల్కహాలే. పాలిష్, వ్యాక్స్, వాషింగ్ షాంపూ మిగిల్చిన జిడ్డు మీద ఏ టేపూ నిలవదు. ఒకే దిశలో తుడవండి, తడి ఆరకముందే పొడి గుడ్డతో తీసేయండి. ఎంబ్లమ్ వెనక వైపు కూడా తుడవాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

టేప్ విషయానికొస్తే, డాష్‌క్యామ్, యాక్షన్ కెమెరా మౌంట్‌ల కింద ఉండే రకం కావాలి. 3ఎమ్ వీహెచ్‌బీ 5952 నేను వాడింది. నల్లగా, 1.1 మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. మధ్యలోని ఫోమ్ లాంటి పదార్థం సాగుతుంది, అందుకే వైబ్రేషన్‌ని తట్టుకుంటుంది, ట్యాంక్ వంపులో చిన్న ఖాళీలనీ నింపుతుంది. కానీ ఎంబ్లమ్‌ని ఊరికే ట్యాంక్ మీద పెట్టి చూసినప్పుడు అంచులు రెండు మూడు మిల్లీమీటర్లు లేచి ఉంటే ఈ టేప్ కూడా ఓడిపోతుంది. ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది కదా. క్రోమ్ పూత ఉన్నదాన్ని వంచబోతే పూత చిట్లుతుంది, ఇంకో ఎంబ్లమ్ వెతుక్కోవడమే మేలు.

టేప్‌ని అంచు కన్నా ఒక మిల్లీమీటరు లోపలికి ఉండేలా బ్లేడుతో కోయండి. బయటికి కనబడితే అసహ్యంగా ఉంటుంది, ప్రెషర్ నీళ్లు అక్కడే పట్టుకుని లేపుతాయి. కుడి వైపు ఎంబ్లమ్ ట్యాంక్ అంచు నుంచి ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలిచి, ఎడమ వైపు మాస్కింగ్ టేప్‌తో గీత వేసుకోండి. వీహెచ్‌బీ ఒకసారి తగిలాక సర్దుకోవడం ఉండదు.

తర్వాత నొక్కడం. చదరపు సెంటీమీటరుకి సుమారు కిలో బరువు పడాలి. అంటే పది చదరపు సెంటీమీటర్ల ఎంబ్లమ్‌కి పది కిలోలు! అరచేతితో ఒకసారి తట్టి వదిలేస్తే చాలదు, బొటనవేలితో ఒక్కో చోటా ఒత్తుతూ వెళ్లండి. మామూలు గది వేడిలో 20 నిమిషాలకి సగం పట్టు, 24 గంటలకి 90 శాతం, పూర్తి పట్టుకి 72 గంటలు. కాబట్టి మూడు రోజులు వాటర్ సర్వీసింగ్ బంద్. 10 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే అతికించొద్దు. మన దగ్గర లంబసింగి చలికాలం తెల్లవారుజామున తప్ప ఈ బాధ పెద్దగా లేదు.

సైడ్ ప్యానెల్‌కి అతికించేవాళ్లకి ఒక్క మాట. ప్యానెల్ లోపలి వైపు ఏబీఎస్ అని ముద్ర ఉంటే ఇదే పద్ధతి. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, దానికి గమ్ సరిగ్గా అంటదు. ముందు 3ఎమ్ ప్రైమర్ 94 లాంటిది పల్చగా రాసి, ఆరాక టేప్ వేయండి.

పెట్రోల్ నింపేటప్పుడు పొంగి ఎంబ్లమ్ మీదకి కారితే వెంటనే తుడిచేయండి. పదేపదే తడిస్తే గమ్ అంచుల నుంచి మెత్తబడుతుంది.

మాది అతికించి ఒక వానాకాలం గడిచింది, మూడుసార్లు ప్రెషర్ వాష్ అయింది, కదల్లేదు. జతలో రెండోది మిగిలింది కదా, కుడి వైపు వెలిసిపోయిన దాని బదులు అదీ వేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "దాన్ని ముట్టుకోకురా, అది బండితో పాటు వచ్చింది" అన్నారు. కొత్తది టేప్ ముక్కతో సహా డ్రాయర్‌లో ఉంది.