చదరంగపు గళ్లలోని గింజలు

(పాఠము: నెహెమ్యా 5:1–13)



చదరంగపు పలకకు 64 గళ్లున్నవి. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఈ రీతిగా గడిగడికి రెట్టింపు చేసినయెడల మొత్తమెన్ని గింజలగును? 11వ శతాబ్దమువాడని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు చేసిన కవి, ఈ జవాబును ఒక పద్యములో ఇమిడ్చెను. చంద్రుడనగా 1, వేదములనగా 4, బాణములనగా 5 అని మాటలతో అంకెలు చెప్పి, వాటిని కుడినుండి ఎడమకు వ్రాసుకొనుట నాటి పద్ధతి. ఆ సంఖ్య యిది:

1,84,46,74,40,73,70,95,51,615.

దీనిని సులభముగా కనుగొను మార్గమొకటి కలదు. పొరుగువానియొద్ద ఒక గింజ బదులు తెచ్చి మొదటి గడిలోని గింజతో కలుపుడి, రెండగును. రెండవ గడివి కలిపిన నాలుగు, మూడవ గడివి కలిపిన ఎనిమిది. కాబట్టి 64 రెండ్లను గుణించి, బదులు తెచ్చిన ఒకటి తీసివేసిన చాలును.

ఈ సంఖ్య చివర 5 ఉన్నది గనుక 5చేత భాగింపబడును. అంకెలన్నియు కూడిన 87. అది 3చేత భాగింపబడును గనుక ఇదియు భాగింపబడును. మరియు ఇది 4,29,49,67,295ను 4,29,49,67,297తో గుణించిన ఫలము. ఈ రెండవదానిని ఏ సంఖ్యయు భాగింపలేదని ఫెర్మా అను పండితుడు తలంచెను. అది 641చేత భాగింపబడునని 1732లో ఆయిలర్ చూపెను.

వెయ్యి వడ్లగింజలు సుమారు 25 గ్రాములు. సగము పలక, అనగా 32 గళ్లు నిండుటకు 75 కిలోల బస్తాలు సుమారు 1,430 కావలెను. ఎకరమునకు 30 బస్తాల చొప్పున మన కొల్లిపర పొలములలో 48 ఎకరముల పంట. పలకంతయు నిండుటకో, లోకమంతట ఇప్పుడు పండుచున్న వడ్లు 500 ఏండ్లకు పైగా కూర్చినను చాలవు. మొదటి గళ్లు చిన్నవిగా కనబడుటయే ఇందలి మోసము.

అప్పు నోటును ఇట్లే చూడుడి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చినవాడు ఏమియు కట్టక, మూడేండ్లకు వడ్డీని అసలులో కలిపి నోటు తిరగ వ్రాసిన 20,800 అగును. ఆరేండ్లకు 43,264. తొమ్మిదేండ్లకు సుమారు 90,000. వడ్డీని అసలులో కలుపనియెడల తొమ్మిదేండ్లకు 42,400 మాత్రమే. నోటు తిరగ వ్రాయుట ప్రతిసారి ఒక గడి దాటుటయే. నెలకు 300 వడ్డీ కట్టుచుండిన అసలు పెరుగదు. దానిపైన ఎంత కట్టినను అసలు తరుగును.

కరవులో ధాన్యముకొరకు పొలములు కుదువపెట్టినవారి మొర విని, నెహెమ్యా ఆ పొలములను, తీసికొనిన నూరవ భాగమును తిరిగి ఇప్పించెను.

ఇంటిలో ఆలోచించుడి:
1. మీ నోటు ఎన్నవ గడిలో ఉన్నది?
2. నోటు తిరగ వ్రాయక మునుపు లెక్క వేయించుకొంటిరా?
3. మీరు అప్పిచ్చినవారైన, మీ పొరుగువానిని ఎన్ని గళ్లు దాటించితిరి?