బైబిల్ కథలతో భాషాభాగాల బోధన

టెట్, డీఎస్సీ అభ్యర్థులు భాషా బోధన పద్ధతుల్లో తప్పక చదవాల్సింది వ్యాకరణ బోధన. పిల్లలకు ముందే తెలిసిన కథలోంచి చెబితే వ్యాకరణం భయపెట్టదు. సండేస్కూలుకు వెళ్లే పిల్లలకు బైబిల్ కథలు అలా నోటికి వచ్చినవే.

నేపథ్యం
- 1814: మిషనరీ విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం శ్రీరాంపూర్‌లో అచ్చయింది.
- 1873: మచిలీపట్నం మిషనరీ ఎ.హెచ్. ఆర్డెన్ తెలుగు వ్యాకరణం వెలువడింది.
- 1958: ఆంగ్ల బోధన మెరుగుదలకు హైదరాబాద్‌లో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. 1972లో సీఫెల్‌గా, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇఫ్లూగా మారింది.

తరగతిలో ఎలా?
ఆంగ్లంలో భాషాభాగాలు సాధారణంగా 8, తెలుగులో 5. బోర్డుపై ఇలా రాయాలి: ‘దావీదు ఐదు నున్నని రాళ్లు ఏరుకున్నాడు. అతడు వాటిని సంచిలో వేసుకున్నాడు. ఆహా!’

- నామవాచకం: దావీదు, రాళ్లు, సంచి
- సర్వనామం: అతడు, వాటిని
- విశేషణం: ఐదు, నున్నని
- క్రియ: ఏరుకున్నాడు, వేసుకున్నాడు
- అవ్యయం: ఆహా

తర్వాత ‘అతడు’ తుడిచి ‘దావీదు’ అనీ, ‘వాటిని’ తుడిచి ‘రాళ్లను’ అనీ రాసి చదివించాలి. మళ్లీ మళ్లీ అదే పేరు ఎందుకని పిల్లలే అడుగుతారు. సర్వనామం పని ఏమిటో అప్పుడు చెబితే మనసుకెక్కుతుంది. ఉదాహరణల నుంచి సూత్రానికి వెళ్లే ఈ పద్ధతే ఆగమన పద్ధతి. సూత్రం ముందు చెప్పి ఉదాహరణలిస్తే నిగమన పద్ధతి.

విశ్వాస దృక్పథం
ఆదికాండం 2వ అధ్యాయంలో ఆదాము జంతువులకు పేర్లు పెడతాడు. నామవాచకానికి అంతకంటే మంచి ప్రవేశం దొరకదు. మాట దేవుని వరమని నమ్మే బిడ్డ దాన్ని శ్రద్ధగా వాడటమూ నేర్చుకుంటాడు. అయితే మూల్యాంకనంలో చూడాల్సింది భాషా సామర్థ్యాన్నే, భక్తిని కాదు.

రాజ్యాంగ పరిధి
- ఆర్టికల్ 28(1): పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదు.
- 28(3): ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే సంస్థల్లో మతబోధనకు హాజరు కావాలంటే సమ్మతి ఉండాలి. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి తప్పనిసరి.
- 30(1): మైనారిటీలు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకోవచ్చు.

ప్రభుత్వ బడిలో ఇదే పద్ధతిని పాఠ్యపుస్తకంలోని కథతో నడపాలి.

మాదిరి ప్రశ్నలు
1. ‘ఐదు నున్నని రాళ్లు’లో విశేషణాలు ఎన్ని? జ: 2
2. ఉదాహరణల నుంచి సూత్రాన్ని రాబట్టే పద్ధతి? జ: ఆగమన పద్ధతి
3. మతబోధనకు హాజరయ్యే విషయంలో సమ్మతిని ప్రస్తావించే ఆర్టికల్? జ: 28(3)