ఒక్కో ముడి, ఒక్కో పిల్ల

చెల్లెమ్మా, పొద్దున్నే బడి వేళకి మన వీధిలో హడావుడి చూస్తూనే ఉంటావుగా? బడి కిలోమీటరు కూడా ఉండదు. అయినా ఇంటికో స్కూటీ బయల్దేరుతుంది. గేటు ముందు అడ్డదిడ్డంగా ఆగేవి మన బళ్లే. నడిచొచ్చే పిల్లలు ప్రాణాలరచేత పెట్టుకుని దూరాల్సింది వాటి సందుల్లోంచే.

పోయిన ఏడాది మా చిన్నది ఆగి ఉన్న ఆటో వెనకనుంచి రోడ్డు మీదికి అడుగేసింది. చేతికి బ్యాగు దొరికింది కాబట్టి లాగేశాను. బైకు రయ్యిన వెళ్లిపోయింది. దడ తగ్గాక దాని పక్కనే గొంతుక్కూర్చుని చూశాను. ఆ ఎత్తులో ఆటో తప్ప మరేం కనబడదు. బైకు నడిపే అబ్బాయికీ ఇది కనబడి ఉండదు. ఇంక పిల్లనేమని తిట్టను?

ఆ సాయంత్రమే నలుగురు తల్లులం పిల్లల్ని జట్టుగా బడికి నడిపించడానికి వంతులు వేసుకున్నాం. ఏడుగురు పిల్లలు, రోజుకి ఇద్దరు పెద్దవాళ్లు. ముందొకరు, వెనకొకరు. అటక మీది పాత నవారు దించి, రెండు మూరలకో ముడి వేశాను. ఒక్కో ముడి ఒక్కో పిల్లది. ఎవరి ముడి జారినా అందరూ ఆగిపోవాలి. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురొచ్చే బళ్లు కనబడేలా కుడిపక్కన నడుస్తాం. రోడ్డు దాటేటప్పుడు ఒకరు చెయ్యెత్తి నిలబడతారు. బండి నిజంగా ఆగాకే పిల్లల్ని కదిలిస్తాం. ఇప్పుడు నాన్నలూ వంతుకొస్తున్నారు, అదే నాకు పెద్ద సంతోషం.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఆస్ట్రేలియాలో డేవిడ్ ఎంగ్విక్ట్ అనే ఆయన 1990ల్లో ‘నడిచే స్కూల్ బస్సు’ అని ప్రచారం చేశాడు. జపాన్‌లో చాలాచోట్ల ఇరుగుపొరుగు పిల్లలు జట్టుగానే బడికెళ్తారు. ఆరో తరగతి వాళ్లు ముందు నడుస్తారు, ఒకటో తరగతి వాళ్ల నెత్తిన పసుపు టోపీ ఉంటుంది.

మనం ఎంత కాపు కాసినా బళ్ల వేగం తగ్గాల్సిందే. మనుషులూ బళ్లూ కలిసి తిరిగేచోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ సదస్సు తేల్చి చెప్పింది. బడి దగ్గర స్పీడ్‌బ్రేకర్ కావాలని మున్సిపాలిటీకి అర్జీ రాశాం. నువ్వూ ఓ సంతకం పెట్టు. బడులు తెరిచేలోపు మీ సందులో ముగ్గురు తల్లుల్ని పోగుచెయ్యి. మా అటక మీద ఇంకో నవారు చుట్ట ఉంది, తీసుకెళ్లు.